పడవెక్కిన పిల్లి

"ఏమే, మెత్తకాళ్ళది వాకిట్లోకొచ్చింది. లోపలికి తీసుకో."

"తీసుకున్నాలే మావా. వెళ్ళిరా."

మా ఆయనా నేనూ చివరిగా అనుకున్న మాటలివే. తెల్లారగట్ల వల భుజానేసుకుని వేటకెళ్ళిన మనిషిని, పడవలోనే గుండె ఆగిందంటూ మధ్యాహ్నానికి తోటివాళ్ళు మోసుకొచ్చారు. మెత్తకాళ్ళదంటే పిల్లి. మగవాళ్ళు వేటకు బయల్దేరే పొద్దున మా పాలెంలో పిల్లి అన్న మాట నోట రాకూడదు. పడవలు ఒడ్డెక్కాక, సాయంత్రం, ఎన్నిసార్లయినా అనుకోవచ్చు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మా మనవరాలు శ్రావణి తన పాపకి బాపట్లలో బొమ్మల పుస్తకం కొనుక్కొచ్చింది. అందులో పిల్లి కళ్ళజోడు పెట్టుకుని, గొడుగేసుకుని సంతకెళుతుంది. పాప పేజీ తిప్పినప్పుడల్లా కొత్త అచ్చు వాసన వస్తుంది. ఆ వాసనకి నేను రేపల్లె దిగువన మా పాలెంలోకి, నా చిన్నతనంలోకి వెళ్ళిపోయాను.

మా ఇల్లు తాటాకు ఇల్లు. ఎండాకాలమంతా ఇసక మీద మెత్తళ్ళనే చిన్న చేపలు ఎండుతుంటే ఆ వాసన గుడ్డల్లో, జుట్టులో, తాగే నీళ్ళలో కూడా ఉండేది. వానలు పట్టాక వలలు చూరుకి వేలాడేవి, పొయ్యి మీద చింతపండు పులుసు కుతకుతలాడేది. చలికాలం వస్తే తేగలు కాల్చుకుని, వేడి తగ్గకముందే ఒలిచి, నాయనమ్మ చుట్టూ చేరి తింటూ కథలు వినేవాళ్ళం. నాయనమ్మ కథల్లో ఒకసారి పిల్లి కొత్త కోడలు, ఒకసారి ఊరి కరణం. చేపల బేరానికెళ్ళిన పిల్లి మాత్రం నాకెప్పటికీ ఇష్టం. గంప నెత్తినెత్తుకుని, దారి పొడవునా చేపలన్నీ తనే తినేసి, ఉత్త గంపతో ఇంటింటి ముందూ నిలబడి "చేపలోయ్" అని అరిచేది. ఆ అరుపు నాయనమ్మ మూతి నాక్కుంటూ అరిచేది.

ఒకసారి మా నాన్న వలనూలు కొనడానికి తెనాలి వెళ్ళి, స్టేషన్ ముందు గోనెపట్టా మీద పరిచి అమ్ముతున్న పుస్తకాల్లోంచి ఒకటి నాకోసం తెచ్చాడు. ఆయనకి అక్షరం రాదు, బొమ్మ చూసి కొన్నాడు. అట్ట మీద తలపాగా చుట్టిన పిల్లి, చేతిలో తెడ్డు. రేపల్లె రైలు దిగి చీకటిపడేలోపు నడిచొచ్చి, చొక్కాలోంచి తీసిచ్చాడు. చెమటకి అట్ట మూల మెత్తబడింది.

అప్పటికి మా పాలెంలో బడి చిన్న తరగతుల వరకే. పైచదువుకి పక్కనున్న నగరం అనే ఊరికి పంపాలా, అమ్మతో చేపలు ఎండేసే పనికి పంపాలా అని ఇంట్లో రోజూ గొడవ. అమ్మ నన్ను పనికి పంపాలంటుంది. నాకు మాత్రం నగరం బడి మీదే ప్రాణం. నాన్న మధ్యలో నలిగి, ఒకరోజు తెల్లారగట్ల, పడవ ఎక్కబోయే ముందు, దీపం దగ్గర ఆ పుస్తకం నా ముందు తెరిచి పెట్టాడు.

"ఏదీ, ఇక్కడేం రాసుందో చదువమ్మా. చదివావంటే నగరం పంపిస్తా."

చూశాను. అక్షరాలన్నీ తెలుసు. పిల్లి పడవెక్కింది, అని రాసుంది. నాన్న వల భుజాన ఉంది. ఇంకో పేజీ తిప్పాను, అక్కడా అదే. పుస్తకమంతా దాని కథే కదా, ఏ పేజీలో లేకుండా ఉంటుంది. నేను నోరు తెరవలేదు.

"రాదా?"

తల వంచుకున్నాను.

"చెప్పాగా," అంది పొయ్యి దగ్గర నుంచి అమ్మ. "బొమ్మలు చూడ్డానికే తమరి కూతురు బడికెళ్ళేది."

నాన్న భుజాన వల సర్దుకుని వెళ్ళిపోయాడు. సాయంత్రం పడవ ఒడ్డుకి తగలగానే నీళ్ళలోకి పరిగెత్తి, పుస్తకం నెత్తి మీద పట్టుకుని, మోకాళ్ళలోతులో నిలబడి చదివాను. పిల్లి పడవెక్కింది. పిల్లి తెడ్డేసింది. పిల్లి వల విసిరింది. "పొద్దున అనకూడదు కదా నాన్నా, అందుకే," అన్నాను. పడవలోవాళ్ళు నవ్వారు. నాన్న నవ్వలేదు, నా తల మీద తడి చెయ్యి పెట్టాడు.

ఇంటికెళితే అమ్మ, "పగలంతా ఎవరిచేతో చెప్పించుకుని కంఠతా పట్టుంటది," అంది. నాన్న నా మొహం చూశాడు, అమ్మ మొహం చూశాడు, పుస్తకం తిరగేసి చూశాడు. నేను చదివానో అప్పజెప్పానో ఆయనకెలా తెలుస్తుంది? ఆ రాత్రి ఏదీ తేల్చలేదు. తేల్చకపోయేసరికి తెల్లారి నేను అమ్మ వెనక ఇసక మీద మెత్తళ్ళు పరుస్తున్నాను. అక్షరాలు ఒకటొకటే జారిపోయాయి, సంతకం మిగిలింది. పుస్తకం పెద్ద తుపానులో పోయింది, అప్పటికి నేను బాపట్ల పక్క ఒడ్డుకి కాపురానికి వచ్చేశాను.

నాన్న బతికినంతకాలం ఏ వేటలోనూ ఆయనకేమీ కాలేదు. ఆ రోజు చదివున్నా ఏమీ కాకపోయేదేమో. పిల్లి అన్న ఆ మాట మీద నాకు కోపం లేదు. మా ఆయన పోయిన పొద్దున కూడా ఇద్దరం దాన్ని అననేలేదు.

ఇప్పుడు మా ఇంట్లో వేటకెళ్ళేవాళ్ళు లేరు. తాటాకు ఇళ్ళు లేవు, చూరుకి వల లేదు. పాప నిద్ర లేస్తూనే పిల్లి, పిల్లి అని పుస్తకంతో ఇల్లంతా తిరుగుతుంది, ఎవరూ దాని నోరు మూయరు. మూయాల్సిన అవసరమే లేదు.

రాశావా శ్రావణీ? పొద్దెక్కక ముందే ఒకసారి మొదట్నుంచీ చదివి వినిపించు. ఆ మాట వచ్చినచోట గొంతు తగ్గించకమ్మా, గట్టిగానే చదువు.