దేవప్ప మామ నూనె పరీక్ష

మా దేవప్ప మామ ఎవరింటికి వెళ్ళినా మంచినీళ్ళ కంటే ముందు నూనె అడిగేవాడు. తాగడానికి కాదు, పరీక్షకు. అరచేతిలో చుక్క వేసుకుని, రుద్ది, వాసన చూసి, నాలుకకు రాసుకుని కళ్ళు మూసుకునేవాడు. ఆ తర్వాత వచ్చే మాట పెనుకొండలో పసిపిల్లలకు కూడా తెలుసు. "ఫెయిలు!"

పెళ్ళిళ్ళలో ఆయన్ని చూస్తే వంటవాళ్ళు నూనె డబ్బాల మీద గోనెపట్టాలు కప్పేవారు. మామ లెక్కలో పాసయ్యేది ఒక్కటే, ఆయన దగ్గరుండి గానుగాడించిన చెనిక్కాయల నూనె, అంటే వేరుశనగ నూనె. ఓడినవాళ్ళకు చూపించడానికి ఒక సీసా సంచిలో వేసుకుని తిరిగేవాడు. సాయంత్రానికి సీసా ఖాళీ. "దారిలో తాగేస్తాండావా ఏమి?" అని బాలనాగమ్మత్త రోజూ దెప్పేది.

ఒకసారి హిందూపురం మందుల షాపులో ఆలివ్ నూనె డబ్బా కనబడింది. మామ ఆగుతాడా! చుక్క నాలుక మీద వేసుకుని దగ్గడం మొదలుపెట్టాడు. షాపాయన హడలిపోయాడు.

"ఏమప్పా, అది బిడ్డలకు పూసేది! నాకేదానికా?"

"గొంతు పట్టుకుంటాండాది," అన్నాడు మామ కళ్ళు తుడుచుకుంటూ. "పచ్చికాయను కోసిన రోజే పిండినారు. పులుపు లేదు, ముక్కిన వాసన లేదు. మంచి నూనంటే ఇట్లా గొంతులో కొట్లాడల్ల!"

"అయితే పాసా?"

"చెనిక్కాయ గాదు గదా. ఫెయిలు."

ఆ ఏడే ఆయన వెంట ధర్మవరం వెళ్ళాను. చీరలు నేసే కుళ్ళాయమ్మ మామకు చెల్లెలి వరస. పట్టు దొరక్క ఆమె మగ్గం ఆగిపోయింది. ఆ పూటే కొత్త అల్లుడు మొదటిసారి భోజనానికి వస్తున్నాడు. వడలకు పిండి రుబ్బి ఉంది గానీ పొయ్యి మీద మూకుడు పొడిగా ఉంది. కుళ్ళాయమ్మ చెయ్యి చాచే మనిషి కాదు. ఎవరైనా ఊరికే ఇస్తే విసిరికొట్టే మనిషి.

మామ అలవాటు ప్రకారం నూనె జాడీ అందుకున్నాడు.

"ఇప్పుడెందుకులేన్నా," అంది ఆమె. ముఖం చిన్నబోయింది.

మామ మూత తీశాడు. నేనూ తొంగిచూశాను. అడుగున కూడా చుక్క లేదు. నాకు ఏం చెయ్యాలో తోచక గోడ వైపు తిరిగాను.

మామ మాత్రం జాడీలో ముక్కు పెట్టి గట్టిగా పీల్చాడు. అరచేతిలోకి ఒంపుకున్నాడు, రుద్దాడు, నాలుకకు రాసుకుని కళ్ళు మూసుకున్నాడు.

"ఫెయిలు! ఇంత చెడ్డ నూనె నేను యాడా సూడలేదు. దీంతో వడలు చేస్తే అల్లుని ముందర నా పరువు పోతాది."

సంచిలో సీసా తీసి మొత్తం జాడీలోకి ఒంపేశాడు. "ఇది నా నూనె. తప్పు పట్టు సూద్దాం!"

కుళ్ళాయమ్మ కాసేపు ఆయన వంకే చూసింది. తర్వాత జాడీలో వేలు ముంచి, నాలుకకు రాసుకుని, అచ్చం ఆయనలాగే కళ్ళు మూసుకుంది.

"ఏమోన్నా, రవ్వంత చేదుండాది. ఫెయిలు," అంది నవ్వు ఆపుకోలేక.

మామ రోషంగా చెప్పులు తొడుక్కున్నాడు. "వారంలో ఇంకో సీసా తెస్తా. అప్పుడు సూడు!"

ఖాళీ సీసా సంచిలో వేసుకుని, స్టేషను దాకా ఆయన నవ్వుతూనే నడిచాడు. అంత ముద్దొచ్చే ఫెయిలు మొహం నేను మళ్ళీ చూడలేదు.