నానమ్మ ముక్కు, బాబాయి బండి

మా అపార్టుమెంటు సెల్లారులో స్కూటీ తీయడానికి దిగినప్పుడల్లా ఆ పికప్పు బండి దగ్గర నా కాళ్లు ఆగిపోతాయి. ఖానాపురం హవేలి అనే ఈ పట్నపు పేటలో మాలాంటి జీతగాళ్లు అద్దెకుండే చోట, రెండు కార్ల జాగా ఆక్రమించి, మూతి గోడకానించి, తోక దారిలోకి పెట్టి నిలబడే అంత పెద్ద బండి, మూడో అంతస్తులోకి కొత్తగా వచ్చినాయనకు ఎందుకో నాకర్థం కాదు. వెనక తొట్టికి నల్లటి మూత, మూతకు తాళం. టైర్లకు ఏనాడూ మట్టి ఉండదు. అన్నిటికంటే నాకు మింగుడు పడనిది, ఆ బండికి ఏ వాసనా లేకపోవడం.

బండిని ముక్కుతో చూడటం నాకు మా నానమ్మ నేర్పింది. మాది భద్రాచలం పోయే దారిలో అడవి అంచు ఊరు. చలి తగ్గుతుండగానే కల్లాల్లో ఆరబోసిన మిర్చి ఘాటుకు ఊరు ఊరంతా తుమ్మేది. ఆ వెనకే తెల్లవారుజామున రాలిన ఇప్పపూల తీపి వాసన గాలి మోసుకొచ్చేది. తర్వాత తునికాకు కట్టల పచ్చివాసన, తొలకరికి తడిసిన టేకాకుల వాసన. వీటన్నిటి మధ్యే పుట్టి పెరిగిన నానమ్మ ముక్కంటే ఊళ్లో అందరికీ గురి. ఎవరింట్లో ఆవకాయ జాడీ అనుమానంగా ఉన్నా, అడవి పల్లెల ఆడవాళ్లు తెచ్చిన చింతపండు కొత్తదో పాతదో తేలకపోయినా, గిన్నె పట్టుకుని మా అరుగు దగ్గరికి వచ్చేవాళ్లు. ఆమె ఒక్కసారి పీల్చి చెప్పేది. సొంత చెల్లెలి జాడీ అయినా సరే, పాడైతే పాడైందనే చెప్పేది కాబట్టి ఆ మాటకు తిరుగుండేది కాదు.

నేను నాలుగో తరగతిలో ఉండగా మా నాన్న తమ్ముడు, మా బాబాయి, ఓ పెద్ద పికప్పు కొన్నాడు. అది మా సందులోకి వచ్చిన రోజున పక్కింటి చూరు పెంకులు పగిలాయి, మా ముళ్లదడి ఒక పక్కంతా పీకాల్సి వచ్చింది. నానమ్మ అరుగు మీదనుంచి కదలకుండా చూసింది.

“ఏందిరా గిది? బండిని ఇంట్ల పెడ్తవా, ఇంటిని బండ్లె పెడ్తవా?”

ఊరు కూడా చూసింది. మా వైపు ట్రాక్టరు కొంటే సేద్యం అంటారు, మోటారు సైకిలు కొంటే పిల్లను చూస్తున్నారంటారు, అంత తొట్టి ఉన్న బండి కొంటే మాత్రం ఏమీ అనరు, అడవి వైపు ఓసారి చూసి ఊరుకుంటారు. బాబాయి అదేమీ పట్టించుకోకుండా మోచెయ్యి కిటికీలో పెట్టి, కోడిపిల్ల అడ్డొచ్చినా హారన్ కొడుతూ దొరలా తిరిగేవాడు. బండి ఖాళీగా ఉన్నప్పుడు తొట్టి మాది. అందులో బస్సాట ఆడేవాళ్లం, తునికాకు ముక్కలే టికెట్లు.

నానమ్మ మాత్రం రోజూ పొద్దున్నే ముక్కాలిపీట వేసుకుని ఎక్కి, తొట్టిలోకి తల వంచేది. “కోళ్లదాణా” అనేది. “ఎండుచేపలు” అనేది. ఓసారి “మల్లెపూలు. పెళ్లోళ్లను తోల్కపోయినవ్” అంది. ఎప్పుడూ తప్పలేదు. “నాకంటే ముందు నీ ముక్కే పోయొస్తదమ్మా” అని బాబాయి నవ్వేవాడు. ఆ నవ్వు ఆమెకు నచ్చేది కాదు. “బండి వాసన రాకుంటే కడిగినట్టు. కడిగినోణ్ణి నమ్మొద్దు” అని నాకు చెవిలో చెప్పేది.

ఆమె ఆ బండిని మెచ్చుకున్నది ఒక్కసారే, శ్రీరామనవమికి వాడంతా కలిసి భద్రాచలం వెళ్లినప్పుడు. ముందు సీట్లో కూర్చుని రెండు చేతులా తలుపు గట్టిగా పట్టుకుంది. పానకంలో మిరియాలు, నానిన వడపప్పులో మామిడి ముక్కలు, గోదావరి ఒడ్డు ఇసుక వేడి, తిరిగొచ్చేటప్పుడు తొట్టిలో ఒకరి మీద ఒకరం పడి నిద్రపోయిన మేము. దిగాక ఆమె చేత్తో తలుపును తట్టింది, ఆవును తట్టినట్టు.

మరుసటేడు మిర్చి కోతల్లో ఒక ఉదయం, తల వంచిన నానమ్మ చాలాసేపు లేవలేదు. పక్కన నేనూ వంగి పీల్చాను. కొత్త చెప్పుల వాసన లాంటిది. అది అప్పుడే కోసిన టేకు వాసన.

“ఏం మోసినవ్‌రా?”

“ఎరువమ్మా” అన్నాడు బాబాయి. నవ్వలేదు.

ఆమె పీట దిగి అరుగు మీద కూర్చుంది. కాసేపటికి పాలు పోయడానికొచ్చినాయన, ఫారెస్టోళ్ల జీపు పక్క ఊరికి వచ్చిందనీ ఇంటింటికీ బండ్లు చూస్తున్నారనీ చెప్పి వెళ్లాడు. ఆ దొంగ టేకు వాసన వాళ్లకు తగిలితే బండి పోతుంది, బాబాయి జైలుకు పోతాడు. పిన్నికి అప్పుడు ఏడో నెల. నానమ్మ లేచి, కల్లంలోని ఎండుమిర్చి గంపలకెత్తించి, తొట్టి నిండా దగ్గరుండి పోయించింది. జీపు దిగినాయన మిర్చిని చేత్తో కెలికి, తొట్టి అంచున వంగి, తుమ్మి, మళ్లీ తుమ్మి, కళ్లు తుడుచుకుంటూ నానమ్మనే అడిగాడు, “నీ కొడుకు ఏం మోస్తడమ్మా?”

“మిర్చి అయ్యా. వాసన తెలుస్తలేదా?”

జీపు వెళ్లాక ఆమె బాబాయికి అన్నం పెట్టి ఎదురుగా కూర్చుంది. “తిను. తిని బండి అమ్ముకరా” అంది. పొద్దుగూకే లోపల బండి వెళ్లిపోయింది. దడి మళ్లీ కట్టారు.

ఆ వారంలోనే పక్కింటామె జాడీ మూత పట్టుకుని వస్తే నానమ్మ తల పక్కకు తిప్పుకుంది. “నా ముక్కు పోయింది బిడ్డా. మిర్చి ఘాటుకు ఏం వాసన తెలుస్తలేదు.” ఇక చచ్చేదాకా ఎవరు ఏం తెచ్చినా అదే మాట. కానీ అన్నం అడుగంటితే పెరట్లోంచే పిన్నిని కేకేసేది. అప్పట్లో అది నాకు తమాషాగా ఉండేది.

ఇప్పుడు ఊరికి వెళితే కల్లాలు లేవు, చేలన్నీ జామాయిల్ తోటలు. మిర్చి ఘాటు లేదు. చింతపండు పాకెట్లో వస్తోంది, ఎవరికీ ముక్కుతో పని లేదు. టేకాకుల వాసన కూడా తగ్గింది. అడవి ఎటుపోయిందో నాకు కొంత అనుమానం ఉంది.

నిన్న పొద్దున సెల్లారులో మూడో అంతస్తాయన తొట్టిని సబ్బు నురగతో కడుగుతున్నాడు. ఊరినుంచి వచ్చిన వాళ్లమ్మ పక్కనే నిలబడి ఉంది, బండి వైపు కాకుండా గోడ వైపు చూస్తూ.

“ఎప్పుడొచ్చారమ్మా?” అన్నాను, ఊరికే పలకరింపుగా.

ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

“రాత్రొచ్చిన బిడ్డా. జలుబు చేసింది. ఏం వాసన తెలుస్తలేదు.”