వరుసలో చాచా చెప్పులు

మంగళవారం పొద్దున కాలేజీకి బయలుదేరబోతూ గొడుగు వెతుక్కుంటున్నాను. పక్క సందులోని టైలర్ చాచా కొడుకు వచ్చి మా గుమ్మం దగ్గర నిలబడ్డాడు. బొగ్గు గనిలో డ్యూటీ దిగి వచ్చిన బట్టలు ఇంకా ఒంటి మీదే ఉన్నాయి. "అక్కా, మా అబ్బా పోయిండు" అన్నాడు. కుట్టుమిషన్ పక్కన కూర్చుని చాయ్ తాగుతున్న మనిషి, గ్లాసు కింద పెట్టి, గోడకు ఒరిగి, మళ్ళీ లేవలేదట. నేను ముందు గోడ గడియారం వైపు చూశాను. చాచా సూదులకు నేను దారం ఎక్కించే వేళ అయింది. నాకు వచ్చిన మొదటి ఆలోచన అదే. ఏడుపు రాలేదు.

ఇది చదివేవాళ్ళలో చాచా కుట్టిన ప్యాంటు తొడుక్కున్నవాళ్ళు కొందరైనా ఉంటారు. తొడుక్కోనివాళ్ళ కోసం చెబుతున్నాను. మణుగూరు బస్టాండు వెనక సందులో, ఇంటి ముందు గదినే దుకాణం చేసుకుని, ఒకే మిషన్ మీద నలభై ఏళ్ళు కుట్టాడు. మొదట్లో గనుల్లో పనిచేసేవాళ్ళందరికీ ఆయనే టైలర్. రెడీమేడ్ బట్టలు వచ్చాక కొత్తవి కుట్టించుకునేవాళ్ళు తగ్గిపోయారు. మడతలు విప్పడం, నడుము వదులు చేయడం, బడిపిల్లల యూనిఫాంలకు గుండీలు వేయడం మిగిలింది. ఆ పనిని కూడా ఆయన చిన్నదనుకోలేదు. గుండీ ఊడిందని వచ్చినవాణ్ణి నిలబెట్టి, చొక్కా మొత్తం తిరగేసి చూసి, మిగతా గుండీల సంగతి కూడా చెప్పి పంపేవాడు.

కొత్త ప్యాంటుకు కొలత ఇవ్వాలంటే ముందు సందులో నడవాలి. దుకాణం మెట్టు దగ్గర్నుంచి కరెంటు స్తంభం దాకా వెళ్ళి వెనక్కి రావాలి. చాచా మెట్టు మీద కూర్చుని చూస్తాడు. మా కాలేజీ ప్రిన్సిపాల్‌ను కూడా అట్లాగే నడిపించాడు. ఆయన సిగ్గుపడుతూ నడుస్తుంటే, "మామూలుగ నడువుండ్రి సార్, పెండ్లికొడుకు తీరు గాదు" అన్నాడు. ఎందుకు నడిపిస్తావని నేనొకసారి అడిగాను. "నిలబడ్డప్పుడు తీస్తే అది ఫొటోకు పనికొచ్చే కొలత బిడ్డా. అందరికీ ఒక కాలు జెర పొట్టిగనే ఉంటది. అది నాకూ ఎరుకే, వాళ్ళ చెప్పులకూ ఎరుకే" అన్నాడు.

రెండేళ్ళ కిందట ఆయన కుడి కంటికి శుక్లం కమ్మింది. ఎడమ కన్ను కూడా అంతంత మాత్రమే. "రంగులు కనిపిస్తయి బిడ్డా, రంధ్రాలు కనిపిస్తలేవు" అని నవ్వుతూ చెప్పాడు కానీ, అంతకు ముందు ఒక అరగంట సూదితో కుస్తీ పట్టడం మా కిటికీలోంచి నేను చూశాను. ఆ మరుసటి రోజు నుంచి కాలేజీకి వెళ్ళే ముందు నేను ఆయన దుకాణంలో ఆగి పది సూదులకు దారం ఎక్కించి, గోడకు వేలాడే పాత కంబళి ముక్కకు గుచ్చి వెళ్ళేదాన్ని. నేను కాలేజీలో లైబ్రేరియన్ని. వస్తువులు వరుసలో లేకపోతే నాకు ఊపిరాడదు. అందుకని తెల్ల దారం సూదులు పైన, నల్లవి నడుమ, రంగువి కింద గుచ్చేదాన్ని. సాయంత్రం చూస్తే అన్నీ కలిసిపోయి ఉండేవి. దాని మీద మా ఇద్దరికీ రోజూ చిన్న పోట్లాట జరిగేది.

ఆపరేషన్ చేయించుకొమ్మని నేనూ, చాచీ, వాళ్ళబ్బాయీ ఏడాదిగా పోరుతున్నాం. చివరికి ఒప్పుకున్నాడు. ఒప్పుకుంటూ తన కోరిక చెప్పాడు. "కన్ను బాగయితే మా పోరనికి ఒక్క నిండు ప్యాంటు కుడత. కత్తిరింపు కాడి నుంచి హుక్కు దాకా అన్నీ నేనే. సూదిల దారం గూడ నేనే ఎక్కిస్త, నీ దారం ఒద్దు." నన్ను ఏడిపించడానికి అన్నాడు గానీ, ఆ కోరిక మాత్రం నిజమే. దానికి కావలసిన బట్ట కూడా కొని అల్మారాలో పెట్టాడు.

భద్రాచలంలోని ఒక చిన్న కంటి దవాఖానాలో గురువారాలు డాక్టరు చూస్తారు. ఆయన చూసి సరేనంటే ఆపరేషన్‌కు రోజు ఖాయమవుతుంది. చాచా పోయే ముందు గురువారం వాళ్ళబ్బాయికి డ్యూటీ మారలేదు. నేను సెలవు పెట్టాను.

ఆ పొద్దున ఎండ బాగానే ఉంది. ఇంటి మెట్టు దిగుతుండగానే చాచా కుడి చెప్పు పట్టీ ఊడింది. వెనక్కి వెళ్ళి, కంబళి ముక్క మీంచి చేతికందిన సూది తీసి, నిలబడే నాలుగు కుట్లు వేసుకున్నాడు. యూనిఫాంల కోసం నేను నీలం దారం ఎక్కించిన సూది అది. గోధుమ రంగు చెప్పు మీద నీలం కుట్లు దూరానికి కూడా కొట్టొచ్చినట్టు కనబడుతున్నాయి. విప్పి మళ్ళీ వేసుకోమన్నాను. "చూసేటోళ్ళకు గదా బాధ, తొడిగేటోనికేంది" అని బస్సు వైపు నడిచాడు.

అశ్వాపురం వచ్చేసరికి వాన అందుకుంది. బస్సు కిటికీ అద్దం కిందికి దిగలేదు. నా భుజం తడిసింది. గోదావరి వంతెన ఎక్కేసరికి మళ్ళీ ఎండ. నది ఎర్రగా, నిండుగా పోతోంది. చాచా దాన్ని చూడకుండా ముందు సీటు కమ్మీ పట్టుకుని కూర్చున్నాడు. బస్సులో వికారమేమో అనుకున్నాను.

దవాఖానా గేటు లోపల గోడ వెంట అప్పటికే ముగ్గురున్నారు. చాచా నాలుగోవాడు. కిటికీ తెరిచి చీటీలు ఇచ్చేది పదింటికి. ఇంకా గంటకు పైనే ఉంది. మా దగ్గర ఎరువుల దుకాణం ముందైనా, ఆఫీసు ముందైనా జనం ఏం చేస్తారో చాచా అదే చేశాడు. చెప్పులు విప్పి తన స్థానంలో పెట్టాడు. అంతటితో ఊరుకుంటే బాగుండేది. వెనక వచ్చినవాళ్ళందరికీ, "నిలబడితే మోకాళ్ళు పోతయి, చెప్పులు పెట్టుండ్రి, చాయ్ తాగి రాండ్రి" అని సలహా ఇచ్చాడు. అయిదోవాడు అడవి పల్లె నుంచి వచ్చిన ఒక తాత. ఆయనకు చెప్పులు లేవు. చేతికర్రను నేల మీద అడ్డంగా పెట్టి, చాచా వైపు చూసి తమ భాషలో ఏదో అని నవ్వాడు. చాచాకు అర్థం కాలేదు గానీ, "అవ్, అవ్" అన్నాడు.

మేము బజారుకు వెళ్ళాం. హుక్కుల డబ్బా, జిప్పులు, లైనింగ్ గుడ్డ, మార్కింగు సుద్దలు, మిషన్ నూనె కొనాలి. చాచా వట్టి కాళ్ళతో నడుస్తున్నాడు. ఎండకు రోడ్డు కాలుతుంటే దుకాణాల పందిళ్ళ నీడలు చూసుకుంటూ గెంతుతున్నాడు. నా చెప్పులు తీసుకోమన్నాను. తీసుకోలేదు. గుండీల దుకాణంలో కావలసినంత సేపు కూర్చున్నాడు, కొన్నవి మాత్రం ఆరే గుండీలు. టైమవుతోందని నేను రెండుసార్లు లేచాను. మూడోసారి లేచేసరికి వాన దంచి కొట్టింది.

తడిసిపోయి దవాఖానాకు చేరేసరికి గోడ వెంట వరుస లేదు. చెప్పులు తడుస్తాయని ఎవరో మంచి మనసుతోనే అన్నింటినీ రేకుల షెడ్డు కిందికి నెట్టారు. అక్కడొక కుప్ప తయారైంది. ముప్ఫై మందికి పైగా ఉన్న జనం, ఎవరి చెప్పులు వాళ్ళు తొడుక్కుని, నేను ముందంటే నేను ముందని అరుస్తున్నారు. ఇద్దరు రెండో స్థానం తమదేనని ఒకరి చేయి ఒకరు పట్టుకున్నారు. సలహా ఎవరిదో అందరికీ గుర్తుంది. అందరూ చాచా వైపు తిరిగారు.

"ఆగుండ్రి, ఆగుండ్రి. మొహాలు నాకు యాదికుండయి. బట్టలు చూసి చెప్త" అన్నాడు చాచా. ఒక్కొక్కరినీ పిలిచి గోడ వెంట నిలబెట్టడం మొదలుపెట్టాడు. "మొదలు ఆకుపచ్చ చీరమ్మ. ఫాల్ ఊడి వేలాడుతుండె." ఆమె గబుక్కున కుచ్చిళ్ళు సర్దుకుంది. "రెండోది ఈ బూడిదరంగు ప్యాంటు. రెండు కాళ్ళ మడతలు ఒక్క తీరుగ లేవు, ఎవరు కుట్టిన్రన్నా?" మూడోది తెల్లచొక్కా, కాలర్ తిరగేసి కుట్టింది. ఆ చొక్కా మనిషి మా ఊరాయనే, కాలర్ తిప్పింది కూడా చాచానే. ఆ తర్వాత ఒక్క క్షణం ఆగి, "గిప్పుడు తాత కట్టె" అన్నాడు. మేము బజారుకు పోయాక వచ్చినవాళ్ళను ఎవరి వెనక చెప్పులు పెట్టారో అడిగి, అట్లా చివరి మనిషి దాకా నిలబెట్టాడు. ఎవరూ కాదనలేకపోయారు. అప్పుడు తన చెప్పులు తీసుకెళ్ళి అందరికంటే వెనక పెట్టాడు.

"ఏంది చాచా గిట్ల చేస్తున్నవ్? నీది నాలుగోది" అన్నాను.

"లెక్క చెప్పేటోణ్ణి నేను. నాది నడిమిట్ల పెట్టుకుంటే నా లెక్క ఎవరు నమ్ముతరు బిడ్డా?"

వరుసలో ఉన్నవాళ్ళు ఆ మాటకు తలలూపారు. తెల్లచొక్కాయన చాచాకు దండం పెట్టాడు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. డాక్టరు ఒంటిగంట దాకానే చూస్తారు. ఒంటిగంటకు చాచా ముందు ఇంకా అయిదుగురున్నారు. మిగిలినవాళ్ళ చీటీల మీద వచ్చే గురువారం అని ముద్ర వేసి ఇచ్చారు.

తిరుగు బస్సులో బయట ఎండ కాస్తోంది, తడిసిన రోడ్డు మీద ఆవిరి లేస్తోంది. చాచా మహా హుషారుగా ఉన్నాడు. మిర్చి బజ్జీలు కొన్నాడు. పొద్దున కమ్మీ పట్టుకుని వంగి కూర్చున్న మనిషి ఇప్పుడు గోదావరిని చూపించి, నీళ్ళు మొన్నటికంటే పెరిగాయని కండక్టరుకు చెబుతున్నాడు. నేను బజ్జీ ముట్టలేదు. సారపాక దాటాక అనేశాను. "వచ్చే గురువారం నేను రాను చాచా. నాకు సెలవుల్లేవు. నీ కొడుకుతోని పో."

"సరే బిడ్డా" అన్నాడు. పొట్లం మడిచి సంచిలో పెట్టుకున్నాడు.

శుక్ర, శని, సోమవారాలు సూదులకు దారం ఎక్కించాను గానీ మాట్లాడలేదు. సోమవారం పొద్దున ఆయనే కదిలించాడు. "ఎర్ర దారమే ఎక్కువ ఎక్కిచ్చినవ్, ఇంక కోపం పోలేదా?" అన్నాడు. "తెల్లది అయిపోయింది" అని వచ్చేశాను. మా ఇద్దరి మధ్య ఆఖరి మాట అదే. నిజానికి తెల్ల దారం అయిపోలేదు.

మంగళవారం మధ్యాహ్నం మగవాళ్ళు జనాజా తీసుకెళ్ళి, మట్టి ఇచ్చి వచ్చి ఇంటి ముందు షామియానా కింద కూర్చున్నారు. తెల్లచొక్కాయన కూడా వచ్చాడు. చాచా తన స్థానం వదులుకుని అందరికంటే వెనక నిలబడ్డ సంగతి అందరికీ వినపడేలా చెప్పాడు. అంత న్యాయబుద్ధి ఎవరికి ఉంటుందని అందరూ అన్నారు. నేను లోపల చాచీ పక్కన కూర్చున్నాను. ఆ మాటలు ఆమెకూ వినపడ్డాయి. నా చెవి దగ్గరికి వంగింది.

"గట్లనే అనుకోనీ బిడ్డా. భయం ఆయనకు. కంట్లె సూది పెడతరంట గదా అని పదిసార్లు అడిగిండు నన్ను. బుధవారం అన్నం గూడ తినలే. గురువారం ఇంటికొచ్చి, బచ్ గయా, బతికిపోయిన అని రెండు పళ్ళాలు తిన్నడు." నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "జిందగీ అంతా సూది పట్టుకునే బతికిండు గదా."

నాకు నవ్వొచ్చింది. గుండీల దుకాణంలో అంతసేపు ఎందుకు కూర్చున్నాడో, వంతెన మీద కమ్మీ ఎందుకు పట్టుకున్నాడో అప్పుడు తెలిసింది. ఆయనకు భయమని నాకు చెప్పి ఉంటే నేనేమనేదాన్నో నాకు తెలుసు. చిన్నపిల్లాడివా అని కసిరేదాన్ని. వచ్చే గురువారం నేనూ వస్తాను, చేయి పట్టుకుంటాను అనే మాట నా నోటి నుంచి వచ్చేది కాదు. ఏడుపు అప్పుడొచ్చింది.

సాయంత్రానికి మళ్ళీ వాన పడింది. గుమ్మం ముందు విడిచిన చెప్పులు తడుస్తాయని షామియానా కిందివాళ్ళు అన్నింటినీ దుకాణం మెట్టు పైకి నెట్టారు. వాన తగ్గాక, వెళ్ళేవాళ్ళంతా ఆ కుప్పలో వంగి ఎవరివి వాళ్ళు వెతుక్కున్నారు. ఎవరూ పోట్లాడుకోలేదు. ఒక్కొక్కరూ తొడుక్కుని, చాచా కొడుకు భుజం తట్టి వెళ్ళిపోయారు. తెల్లచొక్కాయన ఆఖరున వెళ్ళాడు. కరెంటు స్తంభం దాటే వరకు ఆయన నడకనే చూస్తూ గుమ్మంలో నిలబడ్డాను.

మెట్టు మీద ఒక జత మిగిలింది.

"ఎవరియో మిగిలినయా బిడ్డా?" చాచీ లోపల్నుంచి అడిగింది. "జెర పిలువు, వట్టి కాళ్ళతోని పోతున్నరేమో."

నేను పిలవలేదు. చెప్పులు రెండూ నీళ్ళు కారుతున్నాయి. కుడిదాని పట్టీకి నాలుగు నీలం కుట్లు ఉన్నాయి.