తూటాలకు తలంటు

పంజాగుట్టలో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో దిగేలోపు మనిషికి పెద్దగా ఆలోచించే వ్యవధి ఉండదు. సీటు కోసం వెతుక్కోవడం, అది దొరకదని తెలుసుకోవడం, ఫోను జేబులోనే ఉందని తడిమి చూసుకోవడం, ఇంతలో స్టేషను వచ్చేస్తుంది. మొన్న మాత్రం తలుపు అద్దం పక్కన ఇరుక్కుని నిలబడాల్సి వచ్చింది. రైలు ఇళ్ల మేడల ఎత్తున పోతుంది కాబట్టి, ఒకప్పుడు పావురాలకు మాత్రమే తెలిసిన సంగతులు ఇప్పుడు టికెట్టు కొన్న ప్రతివాడికీ కనిపిస్తాయి: నీళ్ల ట్యాంకులు, ఆరేసిన లుంగీలు, తులసి కుండీ పక్కనే విరిగిన కుర్చీలు. ఒక మేడమీద ఎవరో చాటలో ఏదో ఎండబెట్టారు. ఎండ తగిలి ఒక్కసారి తళుక్కుమంది. శ్రావణమాసం కదా, పూజసామాను తోమి ఆరబెట్టి ఉంటారు. కానీ నా ముక్కుకు, ఆ ఏసీ పెట్టెలో, పదిమంది చెమటల మధ్య, ఆముదమూ కుంకుడుకాయలూ కలిసిన వాసన వచ్చింది. అందరికీ ఆ వాసన పండగల్ని గుర్తు చేస్తుందనుకుంటాను. నాకు శనివారం మధ్యాహ్నాలు గుర్తొస్తాయి. అప్పుడు తలంటు పోసుకున్నది నేను కాదు, తుపాకీ తూటాలు.

అవి సాఫ్ట్‌వేరు బాగా పండుతున్న రోజులు. అమీర్‌పేటలో ఖాళీ గోడ కనిపిస్తే చాలు, దాని మీద ఒక కోర్సు పేరు మొలిచేది. నేను టెస్టింగు నేర్చుకుంటున్నాను. అంటే ఇతరులు చేసిన పనిలో తప్పులు పట్టడం. ఏలూరులో మా బంధువులంతా ఆ పని జీతం లేకుండానే చేసేవారు కనుక, దానికి ఫీజు కట్టి నేర్చుకోవడం ఏమిటని మా నాన్నగారి సందేహం. నేనుండేది ఒక పాత ఇంటి మేడమీది రేకుల గది. ఓనరు దాన్ని పెంట్‌హౌస్ అనేవారు. అద్దె మాత్రం రేకుల గదికే తీసుకునేవారు కాబట్టి మేము వాదించలేదు. నలుగురం చేరాం. మిగతావాళ్లకు ఒక్కొక్కరికీ ఉద్యోగం వచ్చింది. వెళ్లేవాడు వెళ్తూ బకెట్టో, చాపో, దేవుడి పటమో నాకు వదిలి వెళ్లేవాడు. చివరికి ఆ గదిలో బకెట్లూ, వరసగా ముగ్గురు వెంకటేశ్వరస్వాములూ, నేనూ మిగిలాం. కింద రోడ్డు మీద ఇసుక వేస్తే రాలనంత జనం. అందులో నన్ను పలకరించేది కరపత్రాలు పంచేవాళ్లొక్కళ్లే. వాళ్లయినా "జావానా అన్నా?" అని అడిగి, కాదంటే నా వెనకవాడి వైపు తిరిగేవాళ్లు. ఒంటరిగా ఉండటానికి అడవులకు పోనక్కర్లేదు. బాగా రద్దీ ఉన్నచోట ఆ పని ఇంకా శుభ్రంగా జరుగుతుంది.

మా గదికి కింది అంతస్తులో ఓనరు ఉండేవారు. ఏదో ప్రభుత్వ శాఖలో ఇంజనీరుగా పని చేసి రిటైరైన పెద్దమనిషి. పిల్లలు లేరు, భార్య అంతకు కొన్నేళ్ల ముందే పోయింది. ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని, బైబిలు చంకన పెట్టుకుని ప్రార్థనకు నడిచి వెళ్లేవారు. శనివారం మాత్రం ఆయన తుపాకీ మనిషి. వయసులో రైఫిల్ షూటింగు పోటీలకు వెళ్లిన క్రీడాకారుడు. హాల్లో గోడకు పెళ్లి ఫోటో, దాని పక్కనే లైసెన్సు నకలు, రెండూ ఒకే రకం ఫ్రేముల్లో ఉండేవి. ఊరికే కాల్చి పారెయ్యడానికి కొత్త తూటాలు కొనడం దండగని, పేల్చిన తూటాల ఇత్తడి గుల్లలు దాచుకుని మళ్లీ నింపుకునేవారు. అందుకూ అనుమతి ఉందనేవారు. వాటిలో నింపే తుపాకీ మందు ఎక్కడ దాచేవారో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. మా స్నేహానికి అదే గట్టి పునాది అనుకుంటాను.

ఆ స్నేహం మొదలైంది ఒక శనివారం. తలుపు కొట్టి, "ఏం సాఫ్ట్‌వేర్, ఖాళీగున్నవా?" అన్నారు. ఉద్యోగం దొరకని వాణ్ణి అడగకూడని ప్రశ్న అది.

"ఖాళీయేనండీ, అంకుల్ గారూ."

"అంకుల్ ఒకటి, గారు ఒకటి, ఒక్క మనిషికి రెండెందుకు భయ్? ఏదన్న ఒకటి పెట్టుకో. జర బకెట్ల నీళ్లు పట్టు."

తూటా పేలినప్పుడు దాని గుల్ల కాస్త ఉబ్బుతుంది. మళ్లీ వాడాలంటే పాత కొలతకు తేవాలి. అందుకు ఆయన దగ్గర చెరుకురసం మరకు దూరపు చుట్టంలాంటి ఒక చేతిమర ఉండేది. గుల్లను ఇనప అచ్చులో పెట్టి, పిడి పట్టి కిందికి నొక్కాలి. పెళ్లినాటి సూటులోకి పదేళ్ల తర్వాత దూరే మగవాడి అవస్థ ఆ గుల్లది. జారడానికి ఏదైనా పూయకపోతే అచ్చులోనే బిగుసుకుపోతుంది. ఆయన ఆముదం పూసేవారు. అసలు కష్టం ఆ తర్వాత మొదలవుతుంది. కొలతకు వచ్చిన గుల్లకు పూసిన ఆముదం పూర్తిగా వదలాలి. లోపల కొంచెం జిడ్డు మిగిలినా మందు చెడి, టప్పుమనవలసిన తూటా తుస్సుమంటుంది. ఆ జిడ్డు వదిలించే పనికి నేను కుదిరాను.

"ముందుగాల పెట్రోలు తోటి కడుగుతుంటి," అన్నారు ఆయన, కుంకుడుకాయలు రాయితో చితక్కొడుతూ. "ఇల్లంత బంకు లెక్క వాసన. ఒకనాడు మా ఆమె వచ్చి నిలవడ్డది. నెత్తికి పెట్టిన ఆముదం దేనితోటి పోతది, గంత సదువు సదివినవు, తెల్వదా అన్నది. గంతే. గా దినం కెల్లి గిదే."

అలా తూటాలకు తలంటు. వేణ్ణీళ్లలో నానిన కుంకుడు రసం చేత్తో గిలక్కొట్టి నురగ తెప్పించాలి. అందులో గుల్లలు వేసి, పసిపిల్లల పాలసీసా కడిగే బ్రష్షులాంటిదే ఇంకా సన్నటిది తీసుకుని, ఒక్కొక్కదాని నోట్లో తిప్పాలి. మంచినీళ్లలో జాడించి, ఆవిడ పాత నేతచీర ముక్కతో తుడిచి, చాటలో పరిచి ఎండబెట్టాలి. సాయంత్రం ఆయన ఒక్కొక్క గుల్లా ముక్కు దగ్గర పెట్టుకుని, పుచ్చకాయ కొనేవాడంత శ్రద్ధగా వాసన చూసేవారు. ఒక్కదాంట్లో ఆముదం వాసన తగిలినా, చాట మొత్తం మళ్లీ కడగవలసిందే. "ఒక్క పిల్లకు పేలు పడితే ఇంట్ల అందరికి దువ్వెన పడాలె" అని ఆవిడ పెట్టిన చట్టమట. ఆవిడ పోయాక కూడా ఆ ఇంట్లో చట్టాలు మారలేదు.

పని జరుగుతున్నంతసేపూ మాట్లాడుకునేవాళ్లం. ఖైరతాబాద్ వినాయకుడు ఏటేటా ఎంత ఎత్తు పెరుగుతున్నాడు, పంజాగుట్ట చౌరస్తా దాటడానికి మనిషికి ఎన్ని జన్మలు కావాలి, ఏలూరు వాళ్లు చారులో బెల్లం ఎందుకు వేస్తారు, ఇలాంటివి. బెల్లం మేము వెయ్యమని చెప్పినా ఆయన నమ్మలేదు. వారం మొత్తంలో ఆయనతో ఎవరైనా కూర్చుని మాట్లాడేది అప్పుడే. నాతోనూ అంతే. ఇద్దరికీ తెలిసిన విషయం కనుక ఇద్దరం ఎత్తలేదు. శనివారం అనేది ఒకటి ఉంది కాబట్టి మిగతా రోజులు ఎలాగో గడిచిపోయేవి.

మొదట్లో కుంకుడు నీళ్లు కాటుక కడిగినట్టు నల్లగా వచ్చేవి. పేలిన గుల్లలో మసి ఉంటుంది మరి. వానాకాలం వచ్చేసరికి నీళ్లు తేటగానే ఉండిపోసాగాయి. నా పనితనం పెరిగిందనుకున్నాను. తప్పులు పట్టేవాడికి ముందు తన మీద తనకు నమ్మకం ఉండాలని మా ఇన్‌స్టిట్యూట్‌లో చెప్పేవారు.

"ఈమధ్య మసే రావట్లేదేంటి, అంకుల్?" అన్నాను ఒక రోజు, కాస్త మెచ్చుకుంటారని.

ఆయన చేతిలో బ్రష్షు ఆగింది. "మందు మంచిదొచ్చింది," అన్నారు. కాసేపటికి ఆకాశం వైపు చూసి, "వాన పడ్తదేమో," అన్నారు. ఒక్క మబ్బు లేదు.

ఆ వారమే కింద కర్రీ పాయింటులో పప్పు ప్యాకెట్టు కొంటుంటే అసలు సంగతి తెలిసింది. ఆ కొట్టు నడిపే పిన్నిగారిది భీమవరం వైపు. మా ఓనరు అద్దెదారే. రేపు శనివారం అంకుల్ తుపాకీ కాల్చే రేంజికి వెళ్తారేమో, పని ఉండదేమో అని మాటవరసకి అన్నాను.

"ఏం రేంజి బాబూ! కుడికన్ను ఆపరేషనైనా చూపు రాలేదుగా. ఎండాకాలంలోనే తుపాకీ అప్పగించేసి లైసెన్సు వదిలేసుకున్నారు. ఆ రోజు పోలీసు స్టేషను నుంచి వచ్చి ఇదిగో ఈ మెట్ల మీదే కూలబడితే, నేనే మజ్జిగిచ్చాను. నీకు చెప్పలేదా ఏంటి?"

"చెప్పారండీ. మర్చిపోయాను," అన్నాను.

పప్పు చల్లారిపోయేదాకా గదిలో కూర్చుని లెక్క కట్టుకున్నాను. తుపాకీ లేదు. అంటే ఆ గుల్లలు పేలడం లేదు. పేలని గుల్ల ఉబ్బదు. ఉబ్బనిదాని కొలత చెడదు. అయినా ఆయన ప్రతివారం శుభ్రంగా ఉన్న గుల్లలకే ఆముదం రాసి, మరలో నొక్కి, మేడమీదికి మోసుకొస్తున్నారు. నేను కడుగుతున్నాను. ఎండాకాలం నుంచీ మేము వదిలిస్తున్న జిడ్డంతా కేవలం వదిలించడానికి పూసిందే.

మర్నాడు నీళ్లు నల్లగా వచ్చాయి. మామూలు నలుపు కాదు, అంతకు ముందెప్పుడూ చూడనంత. అయితే అది మందు వాసన కాదు. కరెంటు పోయిన రాత్రుల్లో మా గదంతా కమ్ముకునే కొవ్వొత్తి వాసన. ఆయన బొటనవేలూ చూపుడువేలూ గోళ్లలోకంటా నల్లగా ఉన్నాయి.

"సూసినవా మసి?" అన్నారు, నా మొహం వైపు చూడకుండా. "నిన్న రేంజికి పోయిన. మస్తు కాల్చిన."

"మస్తుగా ఉందండీ," అన్నాను. హైదరాబాదు వచ్చాక ఆ మాట నేను వాడటం అదే మొదటిసారి. ఆ మసి వదిలించడానికి సాయంత్రం దాకా పట్టింది. రెండుసార్లు టీ తాగాం. చదువు మొత్తానికి నేను పట్టుకున్న తప్పుల్లో, రిపోర్టు రాయనిది అదొక్కటే.

చలికాలంలో నాకు పూణేలో ఉద్యోగం వచ్చింది. ఎంతో కాలంగా ఎదురుచూసిన వార్తే అయినా, మేడ మెట్లు దిగి ఆయనకు చెప్పడానికి మాత్రం కాళ్లు రాలేదు. చివరి శనివారం, చేతుల్లో నురగ ఉండగా చెప్పాను.

"మంచిగైంది," అన్నారు. కాసేపు బ్రష్షు తిప్పి, "పూణేల చలి ఎక్కువుంటది, స్వెటర్ కొనుక్కో," అన్నారు. ఇంకా కాసేపటికి, "వచ్చే శనివారం సంగతి ఫికర్ జెయ్యకు. నేను కడుగుకుంట," అన్నారు. నేను ఆ సంగతి ఎత్తనే లేదు.

గుల్లలన్నీ తుడిచి చాటలో పరిచాక, టీ తేవడానికి ఆయన కిందికి వెళ్లారు. సాయంత్రం ముక్కు పరీక్ష వేళకు నేను బస్సులో ఉంటాను. ఆముదం గిన్నె పక్కనే ఉంది. చూపుడువేలు ముంచి, మధ్యలో ఉన్న ఒక గుల్ల నోట్లో గట్టిగా రాసి, మళ్లీ వరసలో నిలబెట్టాను. ఆయన వచ్చేసరికి వేలు లుంగీకి తుడుచుకుని, పంజాగుట్ట వైపు చూస్తూ నిలబడ్డాను. ఆ వైపు చూడటానికి నీళ్ల ట్యాంకు తప్ప ఏమీ లేదు.

మర్నాడు ఆయనకు ప్రార్థన. సోమవారం ఫోను రాలేదు. మంగళవారమూ రాలేదు. ఆ ముసలి ముక్కు కూడా మోసం చేసిందేమో అనుకున్నాను. శనివారం మధ్యాహ్నం, సరిగ్గా తలంటు వేళకు, మోగింది.

"ఏం సాఫ్ట్‌వేర్! గిట్లనా పని జేసేది? ఒకదాంట్ల జిడ్డున్నది. మొత్తం మళ్ల కడగాలె ఇప్పుడు."

"సారీ అంకుల్."

"సారీ తోటి జిడ్డు పోతదా? బ్రష్షు లోపటికంట పెట్టినవా లేదా, గది చెప్పు." చెప్పాను. ఆయన నమ్మలేదు. కుంకుడుకాయల దగ్గర మొదలై, చారులో బెల్లం దాకా వెళ్లింది మాట. ఫోను వేడెక్కింది.

ఆ తర్వాతి శనివారం మళ్లీ చేశారు. "ఇయ్యాల సుత ఒకటి దొరికింది," అన్నారు, చాలా గంభీరంగా. ఆపై శనివారమూ దొరికింది. నేను తాకని గుల్లల్లో, నేను లేని ఊళ్లో, నా తప్పులు వారం వారం బయటపడుతూనే ఉన్నాయి. ప్రతిసారీ క్షమాపణ చెప్పుకున్నాను. వృత్తిరీత్యా చూస్తే, ఒకే లోపాన్ని సరిచేసి దాని ఖాతా అన్నాళ్లు మూసెయ్యకుండా ఉంచడం మంచి పద్ధతి కాదు. మాకిద్దరికీ మూసే ఉద్దేశం లేదు.

ఒక శనివారం ఫోను రాలేదు. నేను చేశాను. మోగి మోగి ఆగింది. కర్రీ పాయింటు నంబరు వెతికి పిన్నిగారికి చేస్తే, ఆవిడ గొంతు వినగానే తెలిసిపోయింది.

"నిన్న పొద్దున నిద్రలోనే వెళ్లిపోయారు బాబూ. వాళ్ల చర్చివాళ్లే వచ్చి అన్నీ చూసుకున్నారు. ఇల్లు సర్దుతుంటే మరపక్కన గిన్నెలో అవేవో ఇత్తడివి కనిపించాయి. నిండా ఆముదం రాసి పెట్టుకున్నారు. నీకు తెలుసుగా ఆ పని. కడిగి పెట్టమంటావా?"

"వద్దండీ," అన్నాను. "అలాగే ఉండనివ్వండి."

మొన్న అద్దంలోంచి చూసిన మేడ మా మేడ కాదు. మా మేడ ఉన్నచోట ఇప్పుడు నీలం అద్దాల భవనం లేచింది. దాని మీద కూడా ఏదో కోర్సు పేరు ఉంది. రైలు అమీర్‌పేటలో ఆగింది, జనం నన్ను కూడా దింపేశారు. కాలం ఎలాంటి మరకనైనా కడిగేస్తుందంటారు గానీ, కుంకుడుకాయలకున్నంత ఓపిక దానికి లేదు. అది కడిగిన చాటలో ఎప్పుడూ ఒక గుల్ల వాసన వేస్తూనే ఉంటుంది.