చర్చి వెనక గది

మా సంఘంలో ఆదివారం ఆరాధన అయ్యాక సాక్ష్యాలుంటాయి. ఎవరైనా లేచి ఆ వారం దేవుడు తమకు చేసిన మేలు చెప్పుకోవచ్చు. కరోనా తగ్గి చర్చి తలుపులు తెరిచిన కొత్తలో ఇవి మధ్యాహ్నం రెండు దాకా సాగేవి. ఒకరికి జ్వరం రాలేదట. ఇంకొకరికి వచ్చి పోయిందట. మరొకామె ఇంటి గుమ్మం మీది వాక్యం చదివి రోగం పక్కింటికి వెళ్ళిపోయిందట. ఆ పక్కింటి గుమ్మం మీదా అదే వాక్యం ఉంది. ఆ సంగతి మాలో ఎవరూ ఎత్తలేదు.

మా సంఘపెద్దకు రాప్తాడు దగ్గర హైవే మీద హోటలుంది. దేశం కోలుకుంటోందని పేపర్లు రాస్తున్న రోజుల్లో ఆయనా దాన్ని మళ్ళీ తెరిచాడు. బెంగళూరు కార్లు ఆగసాగాయి. సరిగ్గా వండేవాడే లేడు. వంట తెలిసిన మా ఊరివాళ్ళంతా బెంగళూరు హోటళ్ళలో వండుతున్నారు.

అంతకుముందు వండిన మనిషిది నేపాల్. భార్యతో వచ్చి నాలుగేళ్ళు మా చర్చి వెనక గదిలో ఉన్నాడు. అతని చేతి బొరుగుల ఉగ్గాని తిన్నాక సంఘపెద్ద భార్య ఇంట్లో ఉగ్గాని చేయడమే మానేసింది. అతనికి నుదుట పెద్ద బొట్టు ఉండేది. ఆ బొట్టు పోవాలని మా ప్రార్థనా కూటాల్లో నాలుగేళ్ళూ విడవకుండా ప్రార్థించాం.

లాక్‌డౌన్ పెట్టిన వారమే ఎవరో అతని కళ్ళు చూసి చైనావాడన్నారు. ఊరంతా నమ్మింది. చైనావాడికి ఆ బొట్టెందుకని, దాని మీద అంత కాలం ప్రార్థించిన మాకు కూడా తోచలేదు.

అదే వారం బెంగళూరు నుంచి నడిచి వస్తున్న మా ఊరి పిల్లల్ని చిలమత్తూరు దగ్గర రాష్ట్ర సరిహద్దులో ఆపేశారు. సంఘపెద్ద ఫోన్లో అందరినీ కలిపి ప్రార్థన పెట్టాడు. మావాళ్ళను పరాయివాళ్ళలా చూస్తున్నారని దేవుడి ముందు వెక్కి వెక్కి ఏడ్చాడు. అందరం ఆమెన్ అన్నాం. ఆమెన్ అన్నాక, ఫోన్ పెట్టకముందే, చర్చి గది ఖాళీ చేయించాలని తీర్మానించాం.

తాళం వేసే పని నాకు పడింది. నేను ముప్పై ఏళ్ళుగా సండే స్కూలు చెబుతున్నవాణ్ణి. దేవుని ప్రజలు ఒకప్పుడు పరాయి దేశంలో బతికినవాళ్ళే గనుక పరదేశిని ప్రేమించాలని ప్రతి ఏడూ పిల్లల చేత కంఠతా పట్టిస్తాను. వాళ్ళిద్దరూ రెండు సంచులతో బయట నిలబడ్డారు. వంట సామాను లోపలే ఉండిపోయింది.

"యాడికి పోవాల అన్నా?" అని అతనడిగాడు.

మూతికి గుడ్డ కట్టుకుని, పది అడుగుల దూరం నుంచి, దేవుడు దారి చూపిస్తాడని చెప్పాను.

రెండేళ్ళు గడిచాయి. హోటల్లో ముగ్గురు వంటవాళ్ళు మారారు. మూడోవాడు ధర్మవరంలో మగ్గం నేసి వచ్చినవాడు. పాపం, దోసె కూడా చీర పోగుల్లా విడిపోయేది. చివరికి సంఘపెద్ద, పనివాణ్ణి పంపమని మూడు రోజుల ఉపవాస ప్రార్థన ప్రకటించాడు. యజమానే తన హోటల్లో తినడం లేదని లారీ డ్రైవర్లు అనుమానపడి ఇంకాస్త ముందున్న హోటలుకు పోయారు.

ఆ ఉపవాసాన్ని దేవుడు విన్నాడనే నేను నమ్ముతాను. కాకపోతే జవాబు ఎప్పుడో పంపి ఉన్నాడు. మేమే దాన్ని బయటికి పంపి తాళం వేశాం.

మూడో రోజు సంఘపెద్ద నేపాల్ మనిషి నంబరు సంపాదించి బతిమాలాడు. శనివారం భార్యాభర్తలు బస్సు దిగారు. గది చూపిస్తే గడప దాటలేదు.

"ఆ పొద్దు మమ్మల్ని ఎల్లగొట్టినామని రేపు గుడిలో అందరి ముందరా చెప్పు అన్నా. చెప్తే ఉంటాం. లేకుంటే మధ్యాహ్నం బస్సుండాది," అన్నాడతను.

"అంతేనా అప్పా," అన్నాడు సంఘపెద్ద, చాలా తేలిగ్గా.

ఆదివారం వాళ్ళు చివరి చాప మీద, సంచులు పక్కన పెట్టుకుని కూర్చున్నారు. సంఘపెద్ద అరగంట సాక్ష్యం చెప్పాడు. దేవుడు హోటల్ ఎలా మూశాడో, ఎలా తెరిచాడో, మూడో రోజున దూరాన ఉన్న ఒక మనిషి హృదయాన్ని ఎలా కదిలించాడో చెప్పాడు. గెంటివేత దగ్గరికి వచ్చేసరికి, "కొన్ని పరిస్థితుల వల్ల ఆ సహోదరుడు మనకు దూరమైనాడు" అన్నాడు. సంఘమంతా స్తోత్రం అంది. అతని భార్య సంచులు భుజానికి తగిలించుకుని లేచింది.

నేనూ లేచాను. దీన్ని ధైర్యమనుకోవద్దు. ఆమె నా వైపే చూసింది, కూర్చోలేకపోయాను.

"వాళ్ళు దూరం కాలేదు. మనమే ఎల్లగొట్టినాం. తాళమేసింది నేను. వాళ్ళ కుక్కర్ లోపలుంటే గూడా ఏసినాను. రెండేళ్ళుగా మన ప్రేమ విందు భోజనాల్లో పప్పుడికేది దాంట్లోనే."

ఎవరూ స్తోత్రం అనలేదు. స్తోత్రం పడని సాక్ష్యం మా సంఘంలో అదొక్కటే. పాస్టరుగారు గబగబా ముగింపు ప్రార్థన అందుకున్నారు.

బయట ఆమె కుక్కర్ అడిగింది. తెచ్చిచ్చాను. రబ్బరు తెగి ఉంది, విజిల్ ఎక్కడ పోయిందో తెలియదు. కొత్తవి తెస్తానన్నాను. అతను చెయ్యి చాచాడు. తాళంచెవి ఇచ్చాను. చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

రెండో తాళంచెవి సంఘపెద్ద గుత్తిలో ఉంది. అది సంఘం ఆస్తి అనీ, ఒకటి సంఘం దగ్గర ఉండడం పద్ధతి అనీ ఆయన మొదలుపెట్టాడు. అతను రోడ్డు వైపు తిరిగి బస్సు కోసం చూశాడు. సంఘపెద్ద గోళ్ళతో గుత్తి రింగు విప్పసాగాడు. చాలాసేపు పట్టింది, ఎవరం సాయం చేయలేదు. ఆమె రెండు తాళంచెవులూ కొంగున ముడేసుకుని గది తలుపు తీసింది.

తర్వాతి ఆదివారం, పరదేశిని చేర్చుకునే భాగ్యం దేవుడు తనకిచ్చాడని సంఘపెద్ద సాక్ష్యం చెప్పాడు. స్తోత్రం అన్నాం. చివరి చాప ఖాళీగా ఉంది. హోటల్లో వాళ్ళిద్దరూ మా అందరికీ మధ్యాహ్న భోజనం వండుతున్నారు.