బావ భుజం కోసం జర్మనీ రందా

ముందే చెప్పేస్తున్నాను, నేను కోతలు కోస్తాను. పిడికెడు సంగతి అడిగితే గంపెడు చెబుతాను. మా ఇంట్లో వాళ్లు నా మాటను సగం చేసి, ఆ సగాన్ని ఇంకో సగం చేసి నమ్ముతారు. మీరూ అలాగే చదవండి. అయితే ఇందులో ఒక్కచోట కోత కాదు, పచ్చి అబద్ధమే ఉంది. అదెక్కడో చివర్లో నేనే ఒప్పుకుంటాను.

మా బావ, అంటే మా అక్క భర్త, మెట్టుగూడలో వడ్రంగి. మా వంశమంతా వడ్రంగులే. నేనొక్కణ్నే ఉలి దెబ్బలు తప్పించుకుని కంప్యూటర్ల వైపు పారిపోయాను. ఆ రోజుల్లో అలా పారిపోయిన వాళ్లని దొరకబుచ్చుకుని విమానాలెక్కించేవారు. నన్ను ఏడాదిన్నర ప్రాజెక్టు మీద జర్మనీలో ఒక చిన్న ఊరికి పంపారు. ఆ ఊళ్లో ఎంత నిశ్శబ్దమంటే, ఆదివారం పూట నేను అప్పడం విరిస్తే ఎదురింటి కిటికీ తెరుచుకునేది. ఒక్కచోట కూర్చోలేని మనిషిని నేను. అక్కడ గదిలో అటూ ఇటూ తిరిగి తిరిగి తివాచీ మీద బాట వేశాను.

అలా తిరుగుతూనే ఒకరోజు ఇంటికి ఫోన్ చేస్తే అక్క గొంతు తేడాగా ఉంది.

"మీ బావకు కుడి భుజం లేస్తలేదు తమ్మీ. ముప్పై ఏండ్లాయె రందా తోసుడు. డాక్టర్ ఇగ తోయొద్దన్నడు."

కాప్రా వైపు నా బోటి వాళ్ల కోసం అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయి. అక్కడి కాంట్రాక్టర్ తలుపుల పనంతా బావకే ఇస్తానన్నాడు. కానీ చేతి రందాతో చిత్రిక పడితే కుదరదు, చెక్క మిషన్ మీద నున్నగా రావాలి, దసరా వెళ్లాక నమూనా చూపించాలి. దోస్తు షాపులో ఉన్న తేలికపాటి మిషన్ మీద బావ ప్రయత్నించాడట. అది వణికి చెక్క మీద అలలు తెప్పించింది. దసరా దాకా చూసి, కుదరకపోతే దుకాణం మూసేసి ప్లైవుడ్ షాపులో సేల్స్‌మన్‌గా చేరతానన్నాడట.

"టై గట్టుకొని నిలబడతడట. గాయన మొహం జూస్తే నాకు అన్నం దిగుతలేదు," అంది అక్క.

మిషన్ నేను తెస్తానని మాటిచ్చేశాను. ఏ మిషనో, ఎక్కడ దొరుకుతుందో తెలియదు. ఆ శనివారం నుంచి రైళ్లెక్కి ఊళ్లు తిరిగాను. షోరూముల్లో మిషన్లు పెళ్లికూతుళ్లలా మెరుస్తున్నాయి. ప్రతి షోరూములో నుంచీ బావకు ఫోన్.

"ఎర్రది ఒకటుంది బావా, మస్తుంది."

"రంగు జూడకురా బామ్మర్దీ, బరువు జూడు. ఇద్దరు లేపితే లేచేది మనకొద్దు."

"లేవకపోతే నేనెట్ల తెస్త?"

"అది నీ తక్లీఫ్. బల్ల బీడుదా, రేకుదా?"

వేలితో కొట్టి చూశాను. డబ్బా మోత మోగింది. "రేకే."

"అయితే జెర చాయ్ తాగి బయటికి రా."

ఆ లెక్కన నేను జర్మనీలో తాగిన చాయ్‌తో ఒక చెరువు నింపొచ్చు. చివరికి ఒక ఊరి చివర, మోకాళ్లు పోయి పని మానేస్తున్న ముసలి వడ్రంగి దొరికాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు, నాకు వచ్చిన జర్మన్ మాటలు పదకొండు. ఆయన షెడ్డు మధ్యలో దున్నపోతు పడుకున్నట్టు ఉంది మిషన్. బల్ల మొత్తం బీడే, అంటే పోత ఇనుము. తోశాను, కదల్లేదు. భుజం ఆనించి తోశాను, నేనే వెనక్కి జారాను. ముసలాయన నవ్వి, బల్ల మీద ఒక నాణేన్ని అంచు మీద నిలబెట్టి స్విచ్ వేశాడు. మిషన్ మోగుతోంది, నాణెం నిలబడే ఉంది. ఆయన సిగరెట్ వెలిగించి సగం తాగాడు. నాణెం అలాగే ఉంది. నేను చేతిలోని కాఫీ కప్పును ఆ బల్ల మీద పెట్టబోతే మాత్రం గద్దలా వచ్చి లాక్కున్నాడు. తడి తగలకూడదని వేలు అడ్డంగా ఊపి చెప్పి, నూనె గుడ్డతో బల్లంతా తుడిచాడు. పెద్దాయనకు శుభ్రం ఎక్కువ కాబోలు అనుకున్నాను.

బరువు నాలుగు వందల కిలోలు. నా లెక్కలో నాలుగు టన్నులు.

ప్రాజెక్టు అయిపోగానే, కొన్న మిషన్‌ని ఓడకెక్కించి, నేను విమానంలో వచ్చేశాను. అక్కడ మొదలైంది అసలు యాతన. ఓడ సముద్రం మీద ఎక్కడుందో ఎవరూ చెప్పరు. రవాణా ఏజెంటుకు ఎన్నిసార్లు ఫోన్ చేశానంటే, నేను హలో అనకముందే "ఇంకా రాలేదు సార్" అనేవాడు. ఆఫీసు వదలగానే మెట్టుగూడకు పరుగెత్తేవాణ్ని. దుకాణం మధ్యలో బావ మిషన్ కోసం సిమెంటు దిమ్మ కట్టించి పెట్టాడు. ఖాళీగా ఉందని అక్క దాని మీద వడియాలు పెట్టేది. ఆ వడియాల చుట్టూ నేను తిరిగేవాణ్ని. బావ ఎడమచేత్తో ఏవో పీటలకు మేకులు కొడుతూ, "కూసో రా, నువ్వు తిరిగితే ఓడ జల్ది రాదు," అనేవాడు. కానీ ఆయన కూడా వీధిలో లారీ చప్పుడైనప్పుడల్లా సుత్తి ఆపేవాడు. కాంట్రాక్టర్ అప్పటికే రెండుసార్లు వచ్చి ఖాళీ దిమ్మను చూసి వెళ్లాడు.

ఆయుధపూజకు ముందురోజు వచ్చింది. సందులోకి లారీ పట్టదు. కింద ఇనుప పైపులు వేసి దొర్లిస్తూ, పన్నెండు మంది హమాలీలు, సరే ఆరుగురు, సాయంత్రానికి దిమ్మ మీదికి చేర్చారు. నేను స్విచ్ కోసం వెతుకుతుంటే బావ చెయ్యి పట్టుకున్నాడు.

"రేపు పూజ. పండుగ పోయేదాంక ముట్టుకోవద్దు."

మాలో అంతే. ఆయుధపూజ నాడు ఉలి, రంపం, రందా అన్నీ పసుపు కుంకుమలు పెట్టించుకుని విశ్రాంతి తీసుకుంటాయి. దసరా దాటాకే మళ్లీ చేతికి తీసుకుంటాం. అంతదూరం నుంచి వచ్చిన మిషన్ పక్కన రెండు రోజులు ఊరికే ఉండాలి. నాకు ఒంట్లో చీమలు పాకాయి.

పూజ వేళకు బావ కరెంటు లైను మాట్లాడడానికి వెళ్లి ఇంకా రాలేదు. మంచి ఘడియ దాటిపోతోందని అక్క తొందరపడింది. బీడు బల్లకు పసుపు పూసి, బొట్లు పెట్టి, ఆ బల్ల అంచు మీదే టెంకాయ కొట్టింది. నీళ్లు బల్లంతా పారాయి. వాటి మీదే తడి బంతిపూల దండలు పరిచింది.

పండగ మర్నాడు పదకొండింటికి కాంట్రాక్టర్ వస్తానన్నాడు. తొమ్మిదికి బావ దండలు తీశాడు. అద్దంలాంటి బల్ల మీద నీళ్లు పారిన దారంతా ఎర్రటి తుప్పు.

బావ తుప్పు మీద వేలు రాసి చూసుకున్నాడు. తర్వాత మెల్లగా అడిగాడు. "ఈడ కాయ ఎవరు కొట్టిన్రు?"

"నేనే," అంది అక్క. "ఏమైందిప్పుడు?"

"ఏమైందా? నెత్తుందా నీకు? బీడు మీద నీళ్లు వోస్తరా?"

"దేవునికి కొట్టిన. నీ నెత్తి మీద కొట్టలే."

బావ ఎమిరీ కాగితం తీసుకుని రుద్దబోయాడు. రెండో విసురుకే భుజం పట్టేసి మొహం వంకర పోయింది. నేను కాగితం లాక్కున్నాను. ఇరవై ఏళ్ల తర్వాత మా కులం పని నా చేతికొచ్చింది.

"గ్యాస్‌నూనె వెయ్యి. నిలువుకు రుద్దు. అడ్డం గాదు! గదేమన్న కీబోర్డా, యాడవడితే ఆడ పొడిచెటందుకు?"

కిరోసిన్ పోసి మూడు యుగాలు రుద్దాను. గడియారంలో మాత్రం గంటన్నర అయింది. నా చొక్కా పిండితే బిందె నిండేది. మరక ఛాయగా మిగిలింది కానీ బల్ల నున్నబడింది. బావ ఇనుప స్కేలు నిలబెట్టి, ఒక కన్ను మూసి, దాని కింద నుంచి వెలుతురు వస్తుందేమోనని చూశాడు. రాలేదు.

కాంట్రాక్టర్ వచ్చేసరికి నా చేతులు మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి. బావ స్విచ్ వేసి, టేకు పలకను ఎడమచేత్తోనే మెల్లగా తోశాడు. అటువైపు వచ్చిన పలకను కాంట్రాక్టర్ అరచేత్తో నిమిరాడు, గోటితో గీకాడు, వెలుతురుకు పెట్టి చూశాడు.

"ఒక్క అల సుత లేదు. షురూ చెయ్యి మరి, తలుపులన్నీ నీయే."

బావ స్విచ్ ఆపాడు. అక్క వైపు తిరిగి, "చాయ్ వెయ్యి. శక్కర జెర ఎక్కువెయ్యి," అన్నాడంతే. దుకాణం మూతపడలేదు. టై కట్టుకునే అవసరం ఆయనకు మళ్లీ రాలేదు.

ఇక అబద్ధం సంగతి. కాయ కొట్టింది అక్క కాదు, నేను. అక్క కాయ కొట్టడానికి గడప దగ్గర రాయి పెట్టి, "ఆయన్ని రానీ తమ్మీ," అంటూనే ఉంది. నాకు ఆగలేదు. మిషన్‌కి పూజ కాబట్టి మిషన్ మీదే కొట్టాలనుకుని ఠపీమని కొట్టేశాను. బావ అడిగినప్పుడు నా నోరు తెరుచుకుంది, కానీ అక్క మాట ముందు వచ్చేసింది. ఎందుకలా చెప్పావని తర్వాత అడిగాను.

"నన్నైతే తిట్టి మర్సిపోతడు," అంది. "నువ్వు తెచ్చినోనివి. నిన్ను తిట్టలేడు, మర్సిపోలేడు."

బావ ఇప్పటికీ దుకాణానికి వచ్చిన ప్రతివాడికీ ఆ మరక చూపించి అక్క టెంకాయ కథ చెబుతాడు. అందరికంటే గట్టిగా నేనే నవ్వుతాను. ఆయన చదవడు, నేను రాసినవన్నీ అక్క చదివి వినిపిస్తుంది. ఈ ముక్క దాటేయకుండా చదవమని చెప్పాను. దాటేస్తుందనే నా అనుమానం.