ఎక్కడికీ చేరని ఇరవై మూడు మెట్లు

ఊరి నడిబొడ్డున, బస్సులు ఆగే చోటుకి ఎదురుగా, ఇరవై మూడు రాతి మెట్లున్నాయి. ఎక్కితే పైన ఆకాశం తప్ప ఇంకేమీ లేదు. దేశాలు తిరిగేవాళ్ళు పనిగట్టుకుని వచ్చి, పైమెట్టు మీద కూర్చుని, కాళ్ళు గాల్లో వేలాడేసి ఫొటోలు తీయించుకుని పోతారు. ఒకప్పుడు ఆ మెట్లు మూడంతస్తుల మేడ పక్కగోడనంటి ఉండేవి. ఒకనాటి మధ్యాహ్నం మేడ మొత్తం కూలిపోయి పదకొండు మంది పోయారు. మెట్లకి మాత్రం ఏమీ కాలేదు. పోయినవాళ్ళ గుర్తుగా ఊరు వాటినలాగే ఉంచేసింది.

ఆ మెట్లు ఊడ్చే మనిషిని అందరూ మెట్లమ్మ అంటారు. ఇరవై రెండేళ్ళుగా అదే ఆమె ఉద్యోగం. ఊడ్చే తీరే వింత. ఒక్క మెట్టు మీద కూడా కాలు పెట్టదు. కింది మెట్లు పక్కన నేల మీద నిలబడి ఊడుస్తుంది. పైవాటికి నిచ్చెన వేసుకుని, పొడుగాటి కర్రకు చీపురు కట్టుకుని ఊడుస్తుంది.

"నిచ్చెనెక్కే మనిషివి మెట్లెక్కలేవా?" అని బస్సు కండక్టర్లు ఏడిపించేవాళ్ళు.

"మోకాళ్ళ నొప్పులు బాబూ," అనేది మెట్లమ్మ, సగం నిచ్చెన మీద నిలబడి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళని మెట్లు పొమ్మని, నిచ్చెన రమ్మంటుందా? ఎవరైనా గుచ్చి గుచ్చి అడిగితే బకెట్టు తీసుకుని నీళ్ళకి వెళ్ళిపోయేది.

మేడ కూలిన నాటికి ఆమె కాపురానికొచ్చి పందొమ్మిది రోజులు. రెండో అంతస్తులో వాళ్ళ ఇల్లు. కింద అచ్చాఫీసులో పెనిమిటి, బావగారు ఇద్దరూ పనిచేసేవాళ్ళు. ఇంట్లో ఆమె, తోటికోడలు. తోటికోడలి కూతురు ఎనిమిదేళ్ళది, బడిలో ఉంది. సాయంత్రానికి ఆ ఇంట్లో మిగిలింది ఇద్దరే. కొత్తకోడలు, ఈ పిల్ల. పిల్ల ఏడ్చి ఏడ్చి, "అమ్మ ఆఖరికి ఏమంది పిన్నీ?" అని అడిగింది. "నా బంగారాన్ని జాగ్రత్తగా తీసుకురా అని నన్ను బడికి పంపింది," అంది పిన్ని. పిల్ల ఆ రాత్రి ఆ మాట పట్టుకునే నిద్రపోయింది.

ఆ పిల్ల ఇప్పుడు బడిలో పంతులమ్మ. మొన్న మున్సిపాలిటీ వాళ్ళు మెట్ల పక్కన రాగిరేకు పెడతామన్నారు. పోయినవాళ్ళ పేర్లన్నీ చెక్కి, పైన ఆ తల్లి ఆఖరి మాట చెక్కుతారట. వచ్చినవాళ్ళకి మెట్లు చూపించే గైడు ఆ మాటని నాలుగు భాషల్లో చెబుతూ ఎంతోమందిని ఏడిపించాడు మరి.

సాయంత్రం మెట్లమ్మ వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతుంటే పిల్ల కాగితం పట్టుకొచ్చింది.

"పిన్నీ, ఇదేగా అమ్మ అన్న మాట? ఒక్కసారి చూసి కింద సంతకం పెట్టు. రేకు మీద చెక్కాక మార్చలేరట."

కత్తిపీట ఆగిపోయింది. అబద్ధం నోట్లో ఉన్నన్నాళ్ళూ ఎలాగో మోసుకొచ్చింది. రాగిలో చెక్కితే ఇక ఎవరు మారుస్తారు? నిజం చెబితేనో? పిన్ని తన కోసం దిగింది కాబట్టి బతికిందనుకుంటోంది పిల్ల. ఇంతకాలం ఇద్దరినీ కలిపి ఉంచిన మాట అది.

"సంతకం పెట్టనే," అంది చివరికి. "నిన్ను తీసుకురావడానికి దిగలేదు నేను. అలిగి దిగాను."

పిల్ల గుమ్మంలోనే నిలబడిపోయింది.

"నేను కిటికీలోంచి చూస్తుంటే పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. ఆ వారంలో అది రెండోసారి. కిటికీలో ఏముందే, నీ మొహమా అని తిట్టింది మీ అమ్మ. నాకూ ఒళ్ళు మండింది. మళ్ళీ ఈ మెట్లెక్కితే ఒట్టు అని, చెప్పులైనా వేసుకోకుండా బయల్దేరాను. సగం దిగాక పైనుంచి కేకేసింది. నా చెప్పులు చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డట్టుంది. ఒసేయ్ పిచ్చిమొహమా, అలిగితే అలిగావు, చెప్పులేసుకుని అలుగు! కాళ్ళు బొబ్బలెక్కుతాయి! అంది. నేను వెనక్కి తిరగలేదు. వీధి మలుపు తిరిగానో లేదో మేడ కూలింది. నేనాగి ఉంటే తను నాలుగు మెట్లు దిగి వచ్చేది. మెట్ల మీదుంటే బతికేది కదే."

పిల్ల వచ్చి కత్తిపీట పక్కన కూర్చుంది. తర్వాత, "ఇంకోసారి చెప్పు," అంది. "అమ్మ ఎలా అందో అలాగే."

మెట్లమ్మ చెప్పింది. పిల్ల కాగితం నాలుగు ముక్కలు చేసి, గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. అన్నానికి పిలిస్తే పలకలేదు.

తెల్లవారి మెట్లమ్మ ఒక్కతే పనికొచ్చింది. నిచ్చెన వేస్తుంటే వెనక అడుగుల చప్పుడైంది. పిల్లే. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"ఇన్నేళ్ళు దాచావు. దాని మీద నాకు కోపం పోలేదు," అంది. "పోతుందో లేదో కూడా తెలీదు. కానీ పిన్నీ, మా అమ్మ నన్ను ఎప్పుడైనా బంగారం అందా? మొద్దుమొహం అనేది. ఆ బంగారం మాట అమ్మ గొంతులో ఎంత వినాలనుకున్నా వినబడేది కాదు. గొంతే మర్చిపోయాను, ఏం కూతుర్నో అనుకున్నా. రాత్రి నువ్వు చెబుతుంటే వినబడింది." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నిచ్చెన దించు. మెట్లెక్కు."

"ఒట్టు పెట్టుకున్నానే."

"ఒట్టు తీసి గట్టు మీద పెట్టు. ఎక్కు."

మెట్లమ్మ నిచ్చెన దించింది. కర్రకు కట్టిన చీపురు విప్పుకుంది. మొదటి మెట్టు దగ్గర ఆగి, చెప్పులు విడవబోయింది.

"చెప్పులేసుకుని ఎక్కు!" కేకేసింది పిల్ల. అచ్చం తల్లి గొంతే. బస్సుల దగ్గర కండక్టర్లు కూడా వెనక్కి తిరిగి చూశారు.

మెట్లమ్మ గోడలేని వైపు చూడకుండా, ఒక్కో మెట్టూ లెక్కపెట్టుకుంటూ ఎక్కింది. పైమెట్టు అంచున, కర్ర చీపురుకి ఎన్నడూ అందని మూల, ఏళ్ళనాటి దుమ్ము గట్టిపడి ఉంది. కూర్చుని గోటితో గీకి, ఊడ్చింది. గుమ్మం ఉండాల్సిన చోటుకేసి కాసేపు చూసింది. దిగి వచ్చింది.

ఇప్పుడు రాగిరేకు మీద చెప్పుల మాటే ఉంది. గైడుకి దాన్ని నాలుగు భాషల్లోకి తిప్పడం గొప్ప తంటా. అలగడమంటే ఏమిటో చెప్పడానికే అతనికి పావుగంట పడుతుంది. వచ్చినవాళ్ళు ముందు నవ్వుతారు. తర్వాత ఒకరి పాదాల వంక ఒకరు చూసుకుని ఊరుకుంటారు. నిచ్చెనని గోడలకి సున్నం వేసేవాళ్ళు పట్టుకుపోయారు. మెట్లమ్మ తిరిగి అడగలేదు.